పెద్దనాయన కొలెస్ట్రాల్, నా సాక్ష్యం

సమస్త స్తుతి, ఘనత, మహిమ సర్వశక్తిగల దేవునికే కలుగును గాక. మన ఒంట్లో రక్తాన్ని పారించేవాడు ఆయన. ఆ రక్తంలో ఏముందో తెలుసుకునే బుద్ధిని మనిషికి ఇచ్చినవాడు ఆయన. తెలిసిపోయిందనుకున్న చోట, మళ్ళీ ఒకసారి చూడమని చెవిలో చెప్పేవాడూ ఆయనే. చూపు మసకబారిన ఈ వయసులో నాలుగు మాటలు రాసేంత వెలుగు నాకు మిగిల్చినందుకు ఆయనకు స్తోత్రం.

ల్యాబ్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీరిప్పుడు రక్తాన్ని యంత్రంలో పెట్టి మీట నొక్కితే కొలెస్ట్రాల్ ఎంతో అచ్చయి వస్తుంది. మా రోజుల్లో ఆ యంత్రం చేసే పనంతా మా చేతులూ కళ్ళూ చేసేవి. ఒకసారి ఆ అంకె తప్పింది. తప్పిందని చెప్పబోయి నేను ఎంత ఒంటరిదాన్నయ్యానో చెబుతాను.

డెబ్బైల మొదట్లో ఉప్పల్‌లో, పెద్ద రోడ్డుకి కాస్త లోపలగా, ఒక డాక్టరుగారి చిన్న ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. డాక్టరుగారిది కోస్తా వైపు. ఆసుపత్రి వెనక గదే మా ల్యాబ్. కిటికీ తీస్తే ద్రాక్ష పందిళ్ళు కనిపించేవి. నేను మిషన్ హాస్టల్లో పెరిగి, మిషన్ ఆసుపత్రిలోనే ల్యాబ్ పని నేర్చుకుని పట్నం వచ్చినదాన్ని. పెళ్ళి కాలేదు. నాచారంలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. పొద్దున తాళం వేసి వెళ్ళిన గది సాయంత్రానికి వదిలినట్టే ఉండేది. గ్లాసు కూడా పెట్టిన చోటునుంచి కదిలేది కాదు. ఒక్క మనిషికి పప్పు వండడం ఎంత కష్టమో ఒంటరిగా ఉన్నవాళ్ళకే తెలుసు. ఎంత తక్కువ పోసినా రెండో పూటకి మిగులుతుంది.

ఆదివారం మాత్రం నాకు ఇల్లు ఉండేది. నాచారంలో రేకుల షెడ్డు కింద మా సంఘం కూడుకునేది. నల్లగొండ, మెదక్, వరంగల్ వైపు పల్లెల నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసే కుటుంబాలే అందరూ. ఆడవాళ్ళం చాపల మీద ఒక పక్క కూర్చునేవాళ్ళం. సంఘపెద్ద భార్య తన పక్కన నాకు చోటు ఉంచేది. ఆవిడని పెద్దమ్మా అని, ఆయన్ని పెద్దనాయనా అని పిలిచేదాన్ని. ఆరాధన అయ్యాక వాళ్ళింట్లోనే నా భోజనం.

పెద్దనాయన ఒక ఫ్యాక్టరీలో సమ్మెట పని చేసేవాడు. కాలిన ఇనుమును కొట్టి కొట్టి భుజాలు రాటుదేలిన మనిషి. నేను గుమ్మం ఎక్కగానే మొదలుపెట్టేవాడు.

"ఏం సూదుల బిడ్డా, ఈ వారం ఎంతమంది రక్తం తాగినవ్?"

"మీదొక్కటే మిగిలింది పెద్దనాయనా."

"నాది తాగితే నీకు అరగది. మస్తు నెయ్యి ఉంటది అండ్ల."

ఆయన ఎగతాళికి అన్న మాటే నిజమైంది. ఆ చలికాలం పనిలో ఉండగానే ఛాతీ పట్టేసి కూలబడ్డాడు. మా డాక్టరుగారి దగ్గరికే తీసుకొచ్చారు. రక్తం నేనే తీశాను. కొలెస్ట్రాల్ మూడు వందలు దాటింది. నెయ్యి, మాంసం, చుట్ట మానేయమన్నారు డాక్టరుగారు. బరువు అస్సలు ఎత్తొద్దన్నారు. ఫ్యాక్టరీ వాళ్ళు సమ్మెట తీసేసుకుని, సామాన్ల కొట్టు కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. అడిగినవాళ్ళకి నట్లు బిగించే పానాలు, సుత్తెలు అందివ్వడమే పని. ఆదివారాల్లో ఆయన ఎగతాళి ఆగిపోయింది. అన్నం ముందు కూర్చుని తన చేతుల వైపే చూసుకునేవాడు.

ఇంకో సంగతి ఉంది. మా సంఘం సొంత మందిరం కట్టుకుంటోంది. గోడలు లేచాయి. వానలు పడేలోగా దూలాల మీద షాబాద్ బండలు ఎక్కించి కప్పు వేయాలి. మొదటి బండ తన భుజం మీదే ఎక్కుతుందని పెద్దనాయన జబ్బు పడకముందే సంఘం ఎదుట మాటిచ్చాడు. ఆ మాట తీర్చుకునే బలం ఇవ్వమని వేసవంతా శుక్రవారాలు అందరం ఉపవాస ప్రార్థన చేశాం. నేను కూడా మోకాళ్ళూనాను. ఆయన కోసం ఏడ్చి ప్రార్థించినవాళ్ళలో నేను వెనకబడినదాన్ని కాను.

వేసవి చివర్లో ఆయన మళ్ళీ రక్తం ఇచ్చాడు.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. రక్తం గడ్డకట్టాక పైన తేరే పసుపు నీటిని కొంచెం తీసి, ఘాటైన ఆమ్లాలు కలిపి, చీకటి పెట్టెలో ఉంచితే మెల్లగా ఆకుపచ్చ రంగు తేలుతుంది. కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నకొద్దీ ఆ పచ్చదనం చిక్కబడుతుంది. చిక్కగా ఉందంటే దేనితో పోల్చి? అందుకని పక్కన ఇంకో గొట్టం పెట్టేవాళ్ళం. స్వచ్ఛమైన కొలెస్ట్రాల్‌ని తూచి, క్లోరోఫారంలో కరిగించి, సీసాలో దాచుకునే ద్రావకం అందులో పోసేవాళ్ళం. దాన్ని స్టాండర్డ్ అంటాం. ఈ రెండు పచ్చదనాల్నీ రంగు చిక్కదనం కొలిచే కలరీమీటరులో పెట్టి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, లెక్క కట్టడమే పరీక్ష. గొట్టంలో తడి ఉంటే రంగు చెడుతుంది. ఎండ తగిలినా చెడుతుంది. ఇక ఉప్పల్ కరెంటు సంగతి అడగొద్దు, ముల్లు పూనకం వచ్చినట్టు ఊగేది.

డాక్టరుగారు అనేవారు, "కొలెస్ట్రాల్ కట్టడమంటే చారు కాచినట్టేనమ్మా. సామాన్లు అవే, చెయ్యి మారితే రుచి మారుతుంది. కాస్త అటూ ఇటూ వస్తే కంగారు పడకు. బాగా తేడా వస్తే మాత్రం మధ్యాహ్నం పడుకున్నా సరే, నన్ను లేపు."

ఆ రోజు పెద్దనాయన గొట్టం పెట్టెలోంచి తీసినప్పుడే నాకు తెలిసింది. పచ్చదనం పలచగా ఉంది. ముల్లు చూశాను. లెక్క కట్టాను. రెండు వందల పైన కొంచెం. మళ్ళీ కట్టాను. అంతే వచ్చింది. ల్యాబ్ తలుపు గడియ పెట్టి, గొట్టాల మధ్య మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. అంతకుముందు అద్భుతాల గురించి వినడమే గానీ, ఒక అద్భుతం నా కళ్ళ ముందు, నా చేతిలో, గాజు గొట్టంలో నిలబడడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం పెద్దనాయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు. రిపోర్టు చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

"ఇగో, సూడుండ్రి! మూడు నూర్లు దాటినదాన్ని నా దేవుడు రెండు నూర్లకు గుంజిండు. మందు గాదు, మాకు గాదు. మీ మోకాళ్ళు! నేను జెప్పుడు గాదు, ఈ బిడ్డ తన కండ్లతోని సూసింది. లే బిడ్డా, నిలవడి జెప్పు."

నేను లేచాను. "అవ్, నేనే సూసిన," అన్నాను. ఆమెన్ అని షెడ్డు రేకులు అదిరేలా అరిచారు. పెద్దమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టింది. మొదటి బండ తానే ఎత్తుతానని పెద్దనాయన మళ్ళీ చెప్పాడు. కొట్టు వదిలి సమ్మెట దగ్గరికి పోతానని ఫ్యాక్టరీలో కూడా అడిగేశాడు.

ఇప్పుడు నా రక్తం సంగతి. ఇప్పుడు పరీక్ష సరిగా ఉందో లేదో చూసుకోవడానికి మీకు కొలత ముందే తెలిసిన తయారు సీరం దొరుకుతుంది. మాకు అది లేదు. నేను వారం వారం నా రక్తమే తీసుకుని పరీక్షలో కలిపేదాన్ని. రబ్బరు గొట్టాన్ని చేతికి చుట్టి, పళ్ళతో బిగించి, రెండో చేత్తో సూది గుచ్చుకునేదాన్ని. సాయం పట్టేవాళ్ళు లేక అలవాటైంది. ఒక్కదాన్నే వండుకుని ఒక్కదాన్నే తినే మనిషిని కాబట్టి నా కొలెస్ట్రాల్ ఎప్పుడూ ఒక్క చోటే ఉండేది. అందుకే అది మంచి కొలబద్ద. ఆ వేసవిలో నాకు జ్వరం పట్టుకుంటే, కొన్ని వారాలు రక్తం తీసుకోవద్దని డాక్టరుగారు ఆపారు.

ఒళ్ళు కుదుటపడ్డాక, ఆ సాక్ష్యం అయిన వారంలో మళ్ళీ తీసుకున్నాను. నా అంకె పడిపోయింది. కొద్దిగా కాదు, బాగా.

ముందు నన్నే అనుమానించుకున్నాను. గొట్టాలు మళ్ళీ కడిగి ఆరబెట్టాను. ఆమ్లం కొత్త సీసా తెరిచాను. కరెంటు నిలకడగా ఉన్నప్పుడు ముల్లు చూశాను. అయినా అంతే. ఆ వారం పరీక్షించిన వాళ్ళందరి అంకెలూ తీసి చూస్తే, ఉప్పల్ మొత్తానికీ కొలెస్ట్రాల్ తగ్గిపోయినట్టుంది. మధ్యాహ్నం నిద్రలో ఉన్న డాక్టరుగారిని లేపాను.

ఆయన లేచి వచ్చి, కొలెస్ట్రాల్ పొడి స్వయంగా తూచి కొత్త స్టాండర్డ్ కలిపారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి రంగు తేల్చాం. రెండిటి రంగూ ఒక్కలా ఉండాలి. పాతది ఎంతో చిక్కగా ఉంది.

"చూశావుటమ్మా," అన్నారు ఆయన, పాత సీసా ఎత్తి. "గాజు బిరడా పగిలిందని ఎండాకాలం మొదట్లో కార్కు పెట్టింది నేనే. క్లోరోఫారం ఆవిరైపోయింది. కొలెస్ట్రాల్ ఎక్కడికి పోతుంది? మరిగిన పాలలా చిక్కబడి కూర్చుంది. దీని పక్కన ఎవరి రక్తం పెట్టినా పలచగానే కనిపిస్తుంది."

"అయితే పెద్దనాయనకి..."

"మీ పెద్దాయనకి ఏమీ తగ్గి ఉండదమ్మా. ఖచ్చితంగా చెప్పాలంటే మళ్ళీ రక్తం కావాలి. అందర్నీ పిలిపిద్దాం. తప్పు నాదని నేనే చెబుతాను."

అందరికీ కబురు పంపారు. అందరూ వచ్చారు, కొందరు గొణిగారు, మళ్ళీ రక్తం ఇచ్చి పోయారు. పెద్దనాయన రాలేదు. బండలు ఎక్కించే శనివారం దగ్గర పడుతోంది. నేనే వెళ్ళాను.

వాళ్ళింట్లో మాంసం ఉడుకుతున్న వాసన. పెద్దనాయన అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. చాన్నాళ్ళకి ఆయన ముఖంలో పాత నవ్వు చూశాను. పెద్దమ్మ నీళ్ళిచ్చింది. తాగి, చెప్పాను.

"పెద్దనాయనా, జర రక్తం మల్ల ఇయ్యాలె. పోయినసారి మా ల్యాబుల అంకె తప్పొచ్చింది."

"తప్పెట్ల వస్తది? నువ్వే గద సూసినవ్."

"నేను సూసింది నిజమే. సీసాల మందు చిక్కవడ్డది. అందుకే మీది తక్కువ కనవడ్డది. నాది గూడ తక్కువే వచ్చింది."

"అయితే నీకు గూడ దేవుడు తగ్గిచ్చిండేమో!"

పెద్దమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వుదామనుకున్నాను. రాలేదు.

"నాకు తగ్గాలని ఎవ్వరు ప్రార్థన జెయ్యలే పెద్దనాయనా."

ఆయన చుట్ట పక్కన పెట్టాడు.

"ఇను బిడ్డా. నేను మోకాళ్ళ మీద అడిగిన. ఆయన ఇచ్చిండు. ఇప్పుడు నీ తాన సెయ్యి సాపి, నిజంగ ఇచ్చినవా లేదా అని ఆయన్ని అడగాల్నా? దేవుడు తగ్గిచ్చిందాన్ని నీ సీసా పెంచుతదా?"

"పెంచది. మీరు బండ మోయకుండ్రి. గదొక్కటే అడుగుతున్న."

"సంఘం ముంగట మాటిచ్చిన. ఆ ముచ్చట ఇగ తియ్యకు."

పెద్దమ్మ గేటు దాకా వచ్చింది. గొంతు తగ్గించి అంది, "ఆ కొట్టు కిటికీల కూసున్నన్ని దినాలు ఈయన మనిషి లెక్క లేకుండె బిడ్డా. గిప్పుడిప్పుడే మల్ల నవ్వుతుండు. నువ్వు గది గుంజుకోకు."

ఆవిడ అడిగింది చిన్న విషయం కాదు. మా పాస్టరు అయ్యగారి ఇంటికి నడిచాను. ఆయన మెత్తని మనిషి. అంతా విని గడ్డం నిమురుకున్నారు.

"నిజం జెప్పుట్ల తప్పు లేదు చెల్లెమ్మా. కానీ ఈ సాక్ష్యం ఇని కొత్తగ నాలుగు కుటుంబాలు వస్తున్నయి. వాళ్ళ విశ్వాసం ఇంక పసిది. సంఘంల వద్దు. ఆయనకు నేనే మెల్లగ జెప్త. జర ఆగు."

"వచ్చే వారం శనివారం బండలెక్కిస్తున్రు గదా అయ్యగారూ. ఎన్నడు జెప్తరు?"

"జెప్త. జర టైం సూసి."

ఆగాను. ఆయన చెప్పారో, చెప్పలేకపోయారో. ఆదివారం వచ్చేసరికి పెద్దనాయన సంఘంలోని పిల్లలకి తన భుజం చూపించి, బండ ఎక్కడ ఆనించుకుంటాడో నేర్పుతున్నాడు. బండలెక్కించేది ఆ వచ్చే శనివారమే.

సాక్ష్యాల సమయంలో లేచాను. హాస్టల్ రోజుల నుంచి వాక్యం కంఠస్థం చెప్పినదాన్ని, ప్రార్థన చేసినదాన్ని, ఎప్పుడూ తడబడింది లేదు. ఆ రోజు మొదటి మాటే తప్పుగా ఎత్తుకున్నాను. రెండోసారి మొదలుపెట్టాను.

"పోయినసారి నేను నిలవడి, నా కండ్లతోని సూసిన అని జెప్పిన. నేను సూసింది ముల్లును. ముల్లు తప్పు సూపిచ్చింది. మా తాన పరీక్ష జేసుకున్నోళ్ళందరికి తక్కువే వచ్చింది, నాకు గూడ. దేవుడు తగ్గించలేడని నేనంటలేను. ఇప్పటికైతే తగ్గించలేదంటున్న. పెద్దనాయన బండ మోస్తే పానానికి ముప్పు. గందుకే జెప్తున్న."

కూర్చున్నాను. సాక్ష్యం చెప్పి కూర్చున్నవాళ్ళకి ఆమెన్ అనడం మా సంఘంలో శ్వాస తీసుకున్నంత సహజం. పిల్లలు తడబడుతూ రెండు ముక్కలు చెప్పినా అంటారు. నాకు ఎవరూ అనలేదు. మగవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు మాత్రం వినిపించింది.

"మీ ల్యాబుల విశ్వాసం గూడ కొలుస్తరా చెల్లె? నీది ఎంతొచ్చింది?"

ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నారు. ఆరాధన ముగిశాక పెద్దమ్మ నా వైపు చూడకుండా చాప చుట్టుకుని వెళ్ళిపోయింది.

గదికి వచ్చి స్టవ్ వెలిగించలేదు. మంచం పక్కన మోకాళ్ళూని దేవుణ్ణి ఒకటే అడిగాను. ప్రభువా, ఆయన ప్రాణం కోసమే లేచానా, నా పని తప్పు కాదనిపించుకోవడానికి లేచానా? ఆకాశం నుంచి స్వరం వస్తుందని నేను అనుకోలేదు. ఎవరైనా తలుపు తడతారేమోనని మాత్రం సాయంత్రం దాకా ఎదురు చూశాను. వీధిలో పిల్లలు ఆడుకున్నారు. మౌలాలి వైపు నుంచి రైలు కూత వినిపించింది. అంతకుమించి ఏమీ లేదు.

సోమవారం పొద్దున ల్యాబ్ తాళం తీస్తుంటే, వరండా బెంచీ మీద పెద్దనాయన కూర్చుని ఉన్నాడు. పక్కన ఎవరూ లేరు. చొక్కా చెయ్యి అప్పటికే మడిచి పెట్టుకున్నాడు.

"గుచ్చు," అన్నాడు.

నేను నోరు తెరవకముందే మళ్ళీ అన్నాడు. "నిన్న నీ సాక్ష్యానికి ఎవ్వరు ఆమెన్ అనలే. నేను గూడ అనలే. ఇంటికి పోయినంక అది నాకు మంచిగనిపియ్యలే. నువ్వు జెప్పింది నిజమైతే ఎవలో ఒకరు అనాలె గద. గందుకు వచ్చిన."

రక్తం తీశాను. ఇంటికి వెళ్ళి మధ్యాహ్నం రమ్మంటే కదల్లేదు. పని మానుకుని ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. డాక్టరుగారు వచ్చి ఆయన పక్కన కూర్చుని, బిరడా సంగతి తనే చెప్పి, "నన్ను క్షమించండి పెద్దాయనా," అన్నారు. పెద్దనాయన ఇబ్బందిగా నవ్వాడు. "సీసాకు మీరేం జేస్తరు సారూ," అన్నాడు.

రంగు తేలాక ఆయన్ని లోపలికి పిలిచాను. మామూలుగా రోగులకి గొట్టాలు చూపించం. ఆ రోజు చూపించాను. కొత్త స్టాండర్డ్, పక్కన నాది, దాని పక్కన ఆయనది. ఆయన వంగి, చేతులు వెనక కట్టుకుని, చాలాసేపు చూశాడు.

"నడుమ ఉన్నది నీదా?"

"అవ్."

"పల్సగున్నది. నాది గీ చిక్కటిదా?"

"అవ్ పెద్దనాయనా. ఎన్కటి లెక్కనే ఉన్నది. మూడు నూర్లు దాటింది."

ఆయన తల ఊపాడు. పెదవులు కదిలాయి. "ఆమెన్," అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా. బయటికి వెళ్ళబోయి తలుపు దగ్గర ఆగాడు.

"మరి నేను అందరి ముంగట స్తోత్రం జెప్పిన గద బిడ్డా. అదేమాయె? తప్పు స్తోత్రమాయెనా?"

చిన్నప్పటి నుంచీ లేఖనాలు చదివినదాన్ని. దానికి తగిన వాక్యం ఏదుందా అని వెతుక్కున్నాను. అది దొరికేలోగా ఆయనే చెప్పాడు.

"వాపస్ దీసుకోను. ఇచ్చినప్పుడు అందరు జెప్తరు. ఇయ్యకముందే నేనొకసారి జెప్పిన అనుకుంట. బండ మాత్రం మోయ."

ఆయన అయ్యగారి దగ్గరికి తనే వెళ్ళి చెప్పాడు. కొందరు నమ్మారు. కొందరు ఇంకోలా అనుకున్నారని తర్వాత తెలిసింది. దేవుడు తగ్గించిన మాట నిజమేనట, నేను సంఘంలో లేచి అనుమానపు మాట అన్నందుకు మళ్ళీ పెరిగిందట. మా సంఘంలోనే ఒక చెల్లెలు నా ముఖం మీదే అడిగింది. ఏం చెప్పను? క్లోరోఫారం గురించి చెప్పబోతే, "ఏమో అక్కా, మాకు గవన్ని తెల్వయి," అని పక్కకి తప్పుకుంది. ఆ తర్వాత చాలా ఆదివారాలు నేను ఏ చాప మీద కూర్చుంటే ఆ చాప మీద చోటు మిగిలేది. పెద్దమ్మ పలకరించేది, భోజనానికి మాత్రం పిలిచేది కాదు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ ఇంట్లో నవ్వు మళ్ళీ ఆగిపోయింది కదా.

బండలు ఎక్కించే శనివారం నేను సగం పూట సెలవు పెట్టి వెళ్ళాను. వాలుగా వేసిన దుంగల మీదుగా బండలకి తాళ్ళు కట్టి, మగవాళ్ళంతా ఒక్క ఊపున గోడ మీదికి లాగుతూ, జోర్ లగావ్ అని అరుస్తున్నారు. ఆడవాళ్ళు నీళ్ళు మోస్తున్నారు. నేనో బిందె అందుకుంటే, "మేం సూసుకుంటం లే అక్కా," అని ఒకామె నా చేతిలోంచి మర్యాదగానే తీసుకుంది. ఏం చెయ్యాలో తెలియక గోడ పక్కన నిలబడ్డాను.

కొంచెం దూరంలో, వేపచెట్టు నీడన, బోర్లించిన ఇనప తట్ట మీద పెద్దనాయన కూర్చుని ఉన్నాడు. అందరూ ఆయన పక్కనుంచే పోతున్నారు. ఏం మాట్లాడాలో తెలియక ఎవరూ ఆగడం లేదు. ఆయన నన్ను చూశాడు.

"నిలవడ్డవేంది? కూసో. ఇయ్యాల మనిద్దరం పని లేనోళ్ళమే."

వెళ్ళి పక్కనున్న రాయి మీద కూర్చున్నాను. దూలాల మీద వేసే మొదటి బండని పైన ఒక కుర్ర ఫిట్టరు భుజం మీదికి ఎత్తారు. అతను మోకాళ్ళు వంచి లేస్తుంటే, ఇక్కడ పెద్దనాయన కుడి భుజం దానంతట అదే పైకి లేచింది. బండ దూలం మీద కూర్చున్నాక ఆ భుజం మెల్లగా దిగింది. ఆ కదలిక ఆయనకి తెలిసినట్టు లేదు. నేను తల తిప్పేసుకున్నాను. ఒక మనిషి ప్రాణం కాపాడానన్న సంతోషం వస్తుందనుకున్నాను ఆ రోజు. రాలేదు. ఆయన దగ్గర ఏదో తీసేసుకుని, తిరిగి ఇవ్వలేక పక్కన కూర్చున్నట్టుంది.

అందరూ చప్పట్లు కొట్టి పాట ఎత్తుకున్నారు. ఆయనా గొంతు కలిపాడు. పాట మధ్యలో ఆపి, కళ్ళు చికిలించి కప్పు వైపు చూశాడు.

"బండ వంకర వెట్టిన్రు."

నేనూ చూశాను. నిజంగానే ఒక మూల బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"పొయ్యి జెప్పాల్నా?" అన్నాను.

"నువ్వా?" అన్నాడు ఆయన. "నువ్వు జెప్తే ఎవ్వడు నమ్ముతడు?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. పని చేస్తున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూసేలా, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వాం. తర్వాత ఆయనే లేచి, నడుము మీద చెయ్యి వేసుకుని, మెల్లగా వెళ్ళి ఆ మూల సరిచేయించాడు.

ఆ కప్పు కింద పెద్దనాయన చాలా ఏళ్ళు పాడాడు. బండ మోయకపోవడం వల్లే అన్నేళ్ళు బతికాడా అంటే నాకు తెలియదు. అది తేల్చే పరీక్ష నా చేతికి ఎప్పుడూ రాలేదు.

చదివినవాళ్ళు ఒక్క నిమిషం నాతో కలిసి కళ్ళు మూసుకోండి. ప్రభువా, ఈ వేళ ఏ ఆసుపత్రి బెంచీ మీదనో ఒక అంకె కోసం ఎదురు చూస్తూ ఎవరో కూర్చుని ఉంటారు. వాళ్ళని ఒంటరిగా కూర్చోబెట్టకు. లోపలి గదిలో ఆ అంకె తేల్చే పిల్ల చేతిని నిలకడగా ఉంచు. మంచి అంకె వస్తే వాళ్ళతో కలిసి పాడేవాళ్ళను, చెడ్డ అంకె వస్తే వాళ్ళ పక్కన ఊరికే కూర్చునేవాళ్ళను పంపించు. నీ నామంలో అడుగుతున్నాం తండ్రీ. మీరు కూడా అడగండి.